మామయ్య గారి పక్కన కూర్చుని పెరేడ్ చూశాను

2023 జూలైలో ఆఫీసు పని మీద కొన్నాళ్ళు పారిస్‌లో ఉన్నాను. జూలై 14 వాళ్ళకి జాతీయ సెలవు, 1789లో జనం బాస్టీల్ కోట మీద పడిన రోజు. ఆ పొద్దున షాంజెలీజే అనే పెద్ద రోడ్డు మీద సైనిక పెరేడ్ జరుగుతుంది. ఆర్క్ దె త్రియాంఫ్ దగ్గర మొదలై కాంకార్డ్ కూడలి దాకా నడుస్తారు, ఆ కూడలిలో వేదిక మీద వాళ్ళ అధ్యక్షుడు కూర్చుని చూస్తాడు. మామూలుగా అయితే సెలవు కదా అని ఇంకాసేపు పడుకునేదాన్ని. కానీ ఆ ఏడాది ముఖ్య అతిథి మన ప్రధాని, పైగా మన త్రివిధ దళాల నుంచి 269 మంది వచ్చి అక్కడ నడుస్తున్నారు. ఈ మాట బెంగళూరులో మా ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా వారు "అలాగా, వెళ్ళి చూడు" అని ఊరుకున్నారు గానీ, మామయ్య గారు ఊరి నుంచి తనే మళ్ళీ ఫోన్ చేసి "అమ్మాయ్, ఏ రెజిమెంట్ వస్తోంది? బ్యాండ్ ఎవరిది?" అని మొదలుపెట్టారు.

ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. అక్కడికి దగ్గర్లోనే మాధవరం ఉంది, దాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు, ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళిన ఊరు. ఆ గాలి ఈయనకీ సోకింది. పదో తరగతి అయ్యాక మద్రాస్ సాపర్స్‌లో చేరి, 20 ఏళ్ళ పైన పనిచేసి, హవల్దారుగా రిటైరయ్యారు. మద్రాస్ సాపర్స్ అంటే సైన్యంలో ఇంజనీర్ల దళం, అసలు పేరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. 1780లో పుట్టింది. పేరులో మద్రాస్ ఉన్నా కేంద్రం మాత్రం బెంగళూరులో, అల్సూరు చెరువు పక్కన. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడే కుర్రాళ్ళందరూ అక్కడే ట్రైనింగ్ అయ్యి బయటికొస్తారు, ఏ భాషవాడైనా వాళ్ళలో వాళ్ళకి 'తంబి'యే.

పారిస్ సంగతి ముందు చెప్పేస్తాను. ఆ రోజు ఆ చుట్టుపక్కల మెట్రో స్టేషన్లు మూసేస్తారు, కాబట్టి దూరంగా దిగి నడవాలి. ఫుట్‌పాత్ మీదకి వెళ్ళడానికి టికెట్టేమీ అక్కర్లేదు, కానీ బ్యాగులు తెరిచి చూస్తారు, రోడ్డు అంచున ఇనప బారికేడ్లు ఉంటాయి, వాటిని ఆనుకుని నిలబడే మొదటి వరుస తెల్లారకముందే నిండిపోతుంది. నేనూ, ఆఫీసులో ఉన్న ఇద్దరు తెలుగమ్మాయిలూ వెళ్ళేసరికి మాకంటే ముందు బోలెడు తలకాయలు. నా చేతిలో చిన్న మన జెండా చూసి ఒక ఫ్రెంచ్ పెద్దావిడ పక్కకి జరిగి, నా భుజం పట్టుకుని ముందుకి లాగి, తను నిలబడ్డ చోటు సగం నాకిచ్చింది. ఆవిడ చేసిన ఆ సాయం నేను మర్చిపోలేను.

మొదట విమానాలు, ఆకాశంలో నీలం, తెలుపు, ఎరుపు పొగ వదులుకుంటూ. ఆ తరవాత కాలినడక దళాలు, అందులో మొదట్లోనే మన వాళ్ళు. పంజాబ్ రెజిమెంట్, వాళ్ళతో రాజ్‌పుతానా రైఫిల్స్ బ్యాండ్ 'సారే జహాఁ సే అచ్ఛా' వాయిస్తూ వస్తుంటే, ఆ రాళ్ళు పరిచిన రోడ్డు మీద బూట్ల చప్పుడు ముందు వినపడింది, మనుషులు తరవాత కనపడ్డారు. ఎయిర్‌ఫోర్స్ దళాన్ని నడిపించింది స్క్వాడ్రన్ లీడర్ సింధు రెడ్డి. నాకు గొంతు పట్టేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పంజాబు నుంచి వచ్చిన సిపాయిలు ఇదే ఫ్రాన్సులో, 1915లో నవ్ షాపెల్ దగ్గర, వేల మైళ్ళ అవతల ఎవరిదో యుద్ధంలో చనిపోయారు. అలాంటి నేల మీద ఇప్పుడు మన జెండాతో నడుస్తున్నారంటే అది టీవీలో చూసి ఊరుకునే విషయం కాదు.

చివర్లో ఫారిన్ లీజియన్ వాళ్ళు వచ్చారు, ఫ్రెంచ్ సైన్యంలో పరాయి దేశాల వాళ్ళు చేరే దళం అది. మిగతా వాళ్ళు నిమిషానికి 120 అడుగులు వేస్తే వీళ్ళు 88 మాత్రమే వేస్తారు, అందుకే కాలినడక వాళ్ళలో ఆఖరున పెడతారు. ముందు వరుసలో అందరికీ ఇంత పొడుగు గడ్డాలు, ఒంటి మీద తోలు ఏప్రన్, భుజాన గొడ్డలి. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీసి ఆ మధ్యాహ్నమే మామయ్య గారికి పంపితే, ఆయన ఫోన్ చేసి ఎంత సంతోషపడ్డారో! "వాళ్ళు మా వాళ్ళేనమ్మా, సాపర్లు! సైన్యం కంటే ముందు వెళ్ళి చెట్టు కొట్టి, దారి చేసి, వంతెన కట్టేవాడు సాపరు. అందుకే గొడ్డలి." ఆ తరవాత వరసగా ప్రశ్నలు. డ్రమ్ము దెబ్బకి ఏ కాలు పడింది? తల తిప్పినప్పుడు చివరి వరుస ఏం చేసింది? మలుపులో వరుస వంగిందా నిలిచిందా? నాకు టోపీలూ, తుపాకుల కొసలూ, మనుషుల నడుం పైభాగాలూ తప్ప ఏమీ కనపడలేదు మరి. అదే చెప్పాను. "అయితే నువ్వు జనాన్ని చూశావు, పెరేడ్ చూడలేదు. ఈసారి నా పక్కన కూర్చో" అన్నారు.

అప్పుడే ఇంకో మాట కూడా అన్నారు. ఆ ఏడాది జనవరి 15న ఆర్మీ డే పెరేడ్ మొదటిసారి ఢిల్లీ దాటి బయట జరిగింది, అదీ బెంగళూరులో, మద్రాస్ సాపర్స్ కేంద్రంలో. 1949లో అదే తేదీన కరియప్ప గారు బ్రిటిష్ జనరల్ నుంచి సైన్యం బాధ్యత తీసుకున్నారు కాబట్టి ఆ రోజు ఆర్మీ డే. అంటే మామయ్య గారు కుర్రతనంలో ఎండలో అడుగులు నేర్చుకున్న చోటికే అంత పెద్ద పెరేడ్ వచ్చింది, ఆయన మాత్రం అది ఊళ్ళో టీవీలో చూశారు. ఆయన జీవితంలో పెరేడ్‌లో నడిచారు, పెరేడ్ కోసం గ్రౌండు ఊడ్చారు, గుంజలు పాతారు, సున్నపు గీతలు గీశారు, కానీ దర్జాగా కుర్చీలో కూర్చుని ఒక్క పెరేడ్ కూడా చూడలేదట. ఇది విన్నాక నేనూ మా వారూ అనుకున్నాం, ఆయన్ని ఎలాగైనా బెంగళూరులో రిపబ్లిక్ డే పెరేడ్‌కి తీసుకెళ్ళాలని.

మోకాళ్ళ నొప్పులూ, అత్తయ్య గారి కంటి ఆపరేషనూ అడ్డొచ్చి వెంటనే కుదరలేదు. ఈ సంక్రాంతికి మేం ఊరెళ్ళి, వచ్చేటప్పుడు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాం.

బెంగళూరులో రాష్ట్ర ప్రభుత్వం చేసే పెరేడ్ కబ్బన్ రోడ్డులో ఉన్న ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా పెరేడ్ గ్రౌండ్‌లో జరుగుతుంది. ఎంజీ రోడ్డుకి వెనకే. లోపలికి వెళ్ళడానికి పాస్ కావాలి. 2025 ఆగస్టు 15కి కర్ణాటక ప్రభుత్వ సేవా సింధు పోర్టల్‌లో మామూలు జనానికి ఈ-పాస్‌లు ఇచ్చారు గానీ అవి చూస్తుండగానే అయిపోయాయి, మాకు అప్పుడు దొరకలేదు. ఈసారి మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక కన్నడ ఆయన, ఆయనా మాజీ సైనికుడే, మామయ్య గారి సంగతి విని తనే పూనుకుని పాస్‌లు తెచ్చిపెట్టారు. పాస్ రంగును బట్టి గేటు ఉంటుంది, ఏ గేటో పాస్ మీదే రాసి ఉంటుంది, అది ముందు రోజే చూసి పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే పొరపాటు గేటు దగ్గరికి వెళ్తే గ్రౌండు చుట్టూ తిరిగి రావాలి, పెద్దవాళ్ళతో అది కష్టం.

ముందు రోజు రాత్రి మామయ్య గారు బూట్లు పాలిష్ చేసుకున్నారు. మా బాబు ఎనిమిదో తరగతి, వాడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. కివి పాలిష్ కొంచెం గుడ్డకి రాసి, దాని మీద ఒక్క చుక్క నీళ్ళు వేసి, బూటు ముక్కు మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దుతూనే ఉన్నారు. ఎంతసేపో. చివరికి మా హాల్లో ట్యూబులైటు ఆ బూటు ముక్కు మీద గీతలా కనపడింది. వాడు తన స్కూలు బూట్లు కూడా తెచ్చి ముందర పెట్టాడు, "నీవి నువ్వే చెయ్యాలిరా" అని గుడ్డ వాడి చేతిలో పెట్టారు.

పొద్దున్నే పర్పుల్ లైన్ మెట్రో ఎక్కాం, మేం ఉండేది హూడి వైపు, ఎంజీ రోడ్డు దాకా మారకుండా ఒకే రైలు. ఆ రోజు కబ్బన్ రోడ్డులో బండ్లు తిరగనివ్వరు, కార్లో వెళ్ళి పార్కింగ్ వెతుక్కునే టెన్షన్ కంటే మెట్రోయే నయం. జనవరి చలి, మామయ్య గారు కోటు వేసుకుని ఎడం వైపు పతకాలు పెట్టుకున్నారు. తొమ్మిదేళ్ళ సేవకి ఒకటి, ఇరవై ఏళ్ళ సేవకి ఒకటి, 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవం నాడు సర్వీసులో ఉన్న వాళ్ళకి ఇచ్చినది ఒకటి, ఇంకా రెండు. రైల్లో ఒక కాలేజీ కుర్రాడు లేచి సీటిచ్చి, కన్నడంలో ఏదో అడిగాడు, మామయ్య గారు పాతికేళ్ళ కిందటి కన్నడాన్ని వెతుక్కుని వెతుక్కుని జవాబు చెప్పారు. ఆ కుర్రాడు దిగేటప్పుడు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు.

గేటు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటుంది. బ్యాగులు, నీళ్ళ సీసాలు, తినుబండారాలు, కెమెరాలు, అగ్గిపెట్టె, సిగరెట్లు, పదునైనవి ఏవీ లోపలికి రానివ్వరు. నల్ల రుమాలు కూడా కుదరదు, నల్ల జెండాలా ఊపుతారని. మా ముందున్నాయన జేబులోంచి నల్ల చేతిరుమాలు తీయించి పక్కన బుట్టలో వేయించారు. మామయ్య గారు మెటల్ డిటెక్టర్ కిందికి వెళ్ళగానే అది కీచుమంది, పతకాలు కదా. అక్కడున్న పోలీసావిడ వాటిని చూసి, చేత్తో తాకకుండా, "సార్, మీరు రండి" అని పక్కకి జరిగి దారిచ్చింది. మేం బీపీ మాత్రలు తెచ్చుకున్నాం, చీటీ చూపిస్తే వాటిని ఉంచుకోనిచ్చారు. ఎనిమిదిన్నరకల్లా కూర్చోవాలని చెప్తారు, మేం అంతకంటే ముందే కూర్చున్నాం.

ఎక్కడ కూర్చోవాలో నాకు ఆ రోజే తెలిసింది. పాస్‌ని బట్టి భాగం ముందే నిర్ణయం అయిపోతుంది గానీ, ఆ భాగంలో మామయ్య గారు ఖాళీగా ఉన్న మధ్య కుర్చీలు వదిలేసి, గ్రౌండు వైపు తిరిగి కూర్చుంటే వేదికకి ఎడం పక్క వచ్చేలా, అంచు కుర్చీలు చూపించారు. నడిచేవాళ్ళు ఎడం నుంచి కుడికి వస్తారు, వేదిక వాళ్ళ కుడి చేతి వైపు ఉంటుంది, వేదిక ఇంకా రాకముందే 'దాహినే దేఖ్', అంటే కుడికి చూడు, అని ఆర్డరు పడుతుంది, తలలు తిరిగే ఆ క్షణం ఈ ఎడం వైపు కూర్చున్న వాళ్ళకే బాగా కనపడుతుంది. మధ్యలో కూర్చుంటే అప్పటికే తిరిగిపోయిన తలలు చూస్తాం.

మా వెనక వరుసలో ఒకావిడ వచ్చి కూర్చుంది, అరవై ఏళ్ళు ఉంటాయేమో, నూలు చీర, స్వెట్టరు, చీర మీద కుడి వైపు రెండు పతకాలు. నేను అవి చూశాను గానీ అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. మామయ్య గారు మాత్రం చూడగానే లేచి నిలబడి, చేతులు జోడించి, ఆవిడ కూర్చోమని సైగ చేసేదాకా అలాగే ఉన్నారు. తరవాత మెల్లగా నా చెవిలో చెప్పారు, మన పతకాలైతే ఎడం వైపు, చనిపోయిన మనవాళ్ళవైతే కుడి వైపు అని. ఆ తరవాత ఆవిడా ఆయనా హిందీలో రెండే మాటలు మాట్లాడుకున్నారు. "కౌన్ సా యూనిట్?" అంటే ఆవిడ చెప్పింది. అంతే. నేను మా బాబు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నాకు కళ్ళు చెమరుస్తున్నాయి.

తొమ్మిదింటికి గవర్నర్ గారు వచ్చి జెండా ఆవిష్కరించారు. ఇక్కడ ఒక తేడా ఉంది, మా బాబుకి తాతయ్య చెప్తుంటే నేనూ విన్నాను. జనవరి 26న జెండాని ముందే స్తంభం కొసన ముడిచి కట్టి ఉంచుతారు, తాడు లాగితే విప్పుకుంటుంది, లోపల పూలు రాలతాయి. ఆగస్టు 15న అయితే కింది నుంచి పైకి ఎగరేస్తారు, పరాయి జెండా దిగి మనది ఎక్కిన రోజు కాబట్టి. ఇంకోటి, జనవరి 26న రాష్ట్రాల్లో గవర్నరు, ఆగస్టు 15న ముఖ్యమంత్రి. ఈ రెండోది 1974 నుంచే వచ్చింది, అప్పటిదాకా రెండు రోజులూ గవర్నర్లే, తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి గారు పట్టుబట్టి అడిగితే ముఖ్యమంత్రులకి ఆగస్టు 15 ఇచ్చారు. జాతీయ గీతం అవుతుండగా పైన హెలికాప్టరు వచ్చి పూలరేకులు చల్లింది, గాలికి చాలావరకు అటు పక్కకి పోయాయి, కొన్ని మా కుర్చీల దాకా వచ్చాయి. గవర్నర్ గారు జీపులో నిలబడి దళాలని చూసుకుంటూ తిరిగొచ్చి ప్రసంగం చదివారు.

ప్రసంగం జరుగుతున్నంతసేపూ దళాలు ఎదురుగా ఎండలో నిలబడే ఉంటాయి. అప్పటికి ఎండ ఎక్కింది. ఎన్‌సీసీ అమ్మాయిల వరుసలో ఒక పిల్ల ముందుకీ వెనక్కీ ఊగడం మామయ్య గారు అందరికంటే ముందు చూశారు. "అదిగో, మోకాళ్ళు బిగపట్టింది, పడిపోతుంది" అన్నారు, అన్నంతలో పడింది. తెల్ల చొక్కాల వాళ్ళు ఇద్దరు పరుగున వచ్చి ఎత్తుకెళ్ళారు. అటూ ఇటూ ఉన్న ఇద్దరమ్మాయిలూ కనీసం కళ్ళు కూడా తిప్పలేదు, అది కఠినంగా కనపడుతుంది గానీ వాళ్ళకి నేర్పేది అదే, పడినవాళ్ళని చూసుకునే మనుషులు వేరే ఉంటారు. గంటల తరబడి నిలబడాలంటే మోకాలు కొంచెం వదులుగా ఉంచి, బూటు లోపల కాలి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉండాలట, రక్తం పైకి ఎక్కడానికి. బయటికి ఎవరికీ కనపడదు. "ఎదురుగా ఉన్న వాళ్ళందరి బూట్ల లోపలా ఇప్పుడు వేళ్ళు ఆడుతూ ఉంటాయి చూడు" అన్నారు. ఆ పిల్ల కాసేపటికి తేరుకుని పక్కన కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతుంటే మా వైపు జనం చప్పట్లు కొట్టారు.

ఇక మార్చ్ పాస్ట్. ఇది నేను తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే ఆ రోజు వెళ్ళింది దీనికోసమే.

పెరేడ్ అంటే అందరం మొహాలూ, యూనిఫారాలూ, ముందు నడిచే ఆఫీసరు కత్తీ చూస్తాం. మామయ్య గారు ముందు చెవులతో వినమన్నారు. పెద్ద డ్రమ్ము దెబ్బ ఎప్పుడూ ఎడం కాలు మీద పడుతుంది. కళ్ళు మూసుకుని డ్రమ్ము విని, కళ్ళు తెరిచి మడమ చూడు, రెండూ కలిస్తే ఆ దళం మంచిది. నిమిషానికి 120 అడుగులు, అడుగుకి 30 అంగుళాలు, పొట్టివాడైనా పొడుగువాడైనా అంతే, అందుకే పొట్టివాళ్ళు అడుగు చాపాలి, పొడుగువాళ్ళు దాచుకోవాలి. రెండోది చేతులు. పక్క నుంచి చూస్తే అన్ని చేతులూ ఒకే ఎత్తుకి లేవాలి, ఒక్క చెయ్యి తక్కువ లేచినా పళ్ళూడిన దువ్వెనలా వెంటనే తెలిసిపోతుంది. మూడోది, వరుసల మధ్య సందు. ఎదురుగా వచ్చేటప్పుడు కాదు, సరిగ్గా మన ముందుకి వచ్చి అడ్డంగా దాటేటప్పుడు చూడాలి, అప్పుడు ఒక వరుస మొత్తం ఒకే మనిషి వెనక దాక్కోవాలి. ఒకే మనిషి కనపడి మిగతా వాళ్ళు మాయమైపోతే అది డ్రెస్సింగ్.

ఆయన చెప్పాక నేను అలాగే చూశాను. మొదటి దళం దాటినప్పుడు నాకేమీ తెలియలేదు, రెండోది దాటేటప్పుడు కొంచెం, మహిళా పోలీసుల దళం వచ్చేసరికి నాకు కనపడింది! వరుస నా ముందుకి వచ్చి ఒక్క క్షణం ఒకే అమ్మాయి అయిపోయి, మళ్ళీ విచ్చుకుంది. నేను పెద్దగా "మామయ్య గారూ, దాక్కున్నారు, దాక్కున్నారు!" అని అరిచేశాను. ఆయన నా వైపు చూడకుండానే "ఆఁ, ఇప్పుడు చూస్తున్నావు" అన్నారు.

ఇంకోటి ఉంది, ఇది తెలిస్తే పెరేడ్ చూసే పద్ధతే మారిపోతుంది. 'దాహినే దేఖ్' అనగానే అందరూ తల కుడి వైపు తిప్పుతారు కదా, కానీ కుడి చివర, అంటే మనకి అతి దగ్గరగా నడిచే వరుస మాత్రం తల తిప్పదు. వాళ్ళు నేరుగా ముందుకే చూడాలి, వాళ్ళు చూపు తప్పితే దళం మొత్తం పక్కకి జరిగిపోతుంది. అందరూ వేదిక వైపు చూసి గౌరవం ఇస్తుంటే వీళ్ళు దారి చూస్తూ ఉంటారు. మామయ్య గారు తన సర్వీసులో ఎక్కువసార్లు ఆ వరుసలోనే నడిచారట, పొడుగు కదా. "అయితే వేదిక మీద ఎవరున్నారో ఎప్పుడూ చూడలేదా తాతయ్యా?" అన్నాడు మా వాడు. "ఒక్కసారి కూడా చూడలేదురా. పెద్ద పెద్ద వాళ్ళు వచ్చారు. నా పని ముందర ఉన్న గుంజ చూసుకోవడం" అన్నారు. ఆ మాటలో బాధ లేదు, గర్వమే ఉంది.

నడిచిన వాళ్ళలో రాష్ట్ర పోలీసులు, కేంద్ర బలగాలు, హోంగార్డులు, ఫైర్ వాళ్ళు, ఎన్‌సీసీ, స్కౌట్లు, స్కూలు పిల్లలు ఉన్నారు. స్కూలు పిల్లల్లో కాళ్ళు కలవలేదని ఎవరో వెనక నవ్వితే మామయ్య గారికి నచ్చలేదు, వెనక్కి తిరిగి "వాళ్ళు నెల రోజులు తెల్లారగట్లే లేచి వచ్చి నేర్చుకున్నారు బాబూ" అని తెలుగులోనే గట్టిగా అన్నారు. అర్థమైందో లేదో గానీ ఆ నవ్వు ఆగింది. నాకూ అదే సరి అనిపించింది. బ్యాండు ముందర నడిచి, అలవాటున్న పోలీసు వాళ్ళ కంటే, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే పన్నెండేళ్ళ పిల్లకే ఎక్కువ చప్పట్లు కొట్టాలి.

డాన్సులు బాగానే ఉన్నాయి. బైకుల మీద సైనికులు చేసిన విన్యాసాలకి మాత్రం మా వాడు కుర్చీ ఎక్కబోయాడు. సైన్యానికి సరుకులూ రవాణా చూసే ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ) వాళ్ళకి బెంగళూరులో టోర్నడోస్ అనే బైకు జట్టు ఉంది, 2017 నవంబరులో యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో ఒకే బుల్లెట్ మీద 58 మంది ఎక్కి రికార్డు కొట్టింది వాళ్ళే.

అంతా అయ్యాక జనం ఒకేసారి లేచారు. మేం కూర్చునే ఉన్నాం, మామయ్య గారి మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడు ఆయన పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన, అంతసేపూ మాట్లాడనివాడు, పతకాల వైపు చూసి "తంబియా?" అన్నాడు. ఆయనది కోలారు జిల్లా, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఆయనా మద్రాస్ సాపరే, వేరే కంపెనీ. ఇక చూడాలి ఆ ఇద్దరినీ! ఏ సంవత్సరం బ్యాచ్, ఎవరు ఉస్తాదు, ఏ నది మీద ఏ వంతెన, ఎవరు పోయారు, ఎవరున్నారు. మాటల్లో వయనాడు వచ్చింది. 2024 జూలై 30న కొండచరియలు విరిగిపడి ఊళ్ళు కొట్టుకుపోతే, బెంగళూరు నుంచి వెళ్ళిన మద్రాస్ సాపర్సే చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెన కట్టారు, వానలో, రాత్రీ పగలూ ఆగకుండా, ఆగస్టు 1 సాయంత్రానికి బండ్లు అవతలికి వెళ్ళాయి. బెయిలీ వంతెన అంటే ఇనప ఫ్రేములు, ఒక్కో ఫ్రేమునీ ఆరుగురు మోసుకొచ్చి, పిన్నులు కొట్టి బిగించి, ఒక ఒడ్డునే కట్టుకుంటూ రోలర్ల మీద అవతలి ఒడ్డుకి తోస్తారు. ఆ ఫ్రేము మోసేటప్పుడు కూడా అందరి అడుగూ ఒకేసారి పడాలి, ఒకడి అడుగు తప్పితే బరువంతా పక్కవాడి మీద పడి చెయ్యి పోతుంది. గ్రౌండులో నేర్పిన అడుగు ఎందుకు పనికొస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరూ తమ అరచేతులు తిప్పి చూపించుకున్నారు, కోలారు ఆయనకి చూపుడు వేలు కొస లేదు.

అక్కడి నుంచి బ్రిగేడ్ రోడ్డు వైపు మెల్లగా నడిచాం. బ్రిగేడ్ రోడ్డూ రెసిడెన్సీ రోడ్డూ కలిసే చోట మద్రాస్ పయొనీర్లు అనే పాత సైనిక దళం వాళ్ళ స్మారకం ఉంది, ఇన్నేళ్ళుగా నేను షాపింగ్ బ్యాగులు పట్టుకుని దాని పక్క నుంచే వెళ్తున్నాను. అక్కడ పెద్దవాళ్ళిద్దరూ కాసేపు నిలబడ్డారు. తరవాత అందరం టిఫిన్‌కి వెళ్ళాం, బిల్లు ఎవరివ్వాలనే దగ్గర ఇద్దరు హవల్దార్లూ చాలాసేపు వాదించుకున్నారు, చివరికి కోలారు ఆయనే గెలిచారు.

పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకి నాకు తెలిసింది ఇది: మాత్రలు చీటీతో సహా తీసుకెళ్ళండి, నీళ్ళు బయటే తాగించేయండి, నల్లవి ఏవీ వద్దు, వేదికకి ఎడం వైపు దొరికితే కూర్చోండి, ఇంట్లో సైన్యంలో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ పక్క కుర్చీ మాత్రం పిల్లలకి ఇవ్వండి. ఆగస్టు 15కి మామయ్య గారు మళ్ళీ వస్తామన్నారు, ఈసారి అత్తయ్య గారిని కూడా తీసుకుని. కోలారు ఆయన కూడా వస్తారట. పాస్‌ల కోసం జూలై నెలాఖరు నుంచే పోర్టల్ చూస్తూ ఉండమని మా వారికి ఇప్పటి నుంచే చెప్తున్నాను.